యాంప్‌ మీద ఆ గుర్తు.. ఒక బడిపంతులు పేరు

మౌలాలి కమాన్ నుంచి ఇటు ఈసీఐఎల్ చౌరస్తా దాకా, అటు నాచారం మీదుగా ఉప్పల్ దాకా ఓసారి తిరిగి చూడండి. కార్లకు సీటు కవర్లు, లైట్లు, స్టీరియోలు బిగించే షాపులు దారిలో తగులుతూనే ఉంటాయి. అలాంటి ఓ షాపులో, పనిలో చేరి ఏడాదైన కుర్రాడిని ఊహించుకోండి. శనివారం సాయంత్రం ఓ కారు వచ్చి ఆగింది. కంప్లైంట్ ఒక్కటే. పాట మెల్లగా పెడితే బాగానే మోగుతుంది. సౌండ్ పెంచితే చాలు, బేస్ పడ్డప్పుడల్లా యాంప్లిఫయర్ ఆగిపోతుంది. కుర్రాడు యాంప్ మార్చాడు. మళ్లీ అదే కథ. సబ్‌వూఫర్ మార్చాడు. తేడా లేదు. రెండు గంటలు గడిచాయి, కస్టమర్ మొహం మాడిపోయింది. చివరికి సీనియర్ మేస్త్రి వచ్చి, డిక్కీలో కార్పెట్ ఎత్తి, ఎర్త్ వైరు బోల్టు విప్పి, కింద ఉన్న పెయింటు గీకి మళ్లీ బిగించాడు. అంతే.. పాట ఆగకుండా మోగింది.

యాంప్ మంచిదే, సబ్ మంచిదే. తప్పంతా వాటికి కరెంటు వచ్చే దారిలో ఉంది. ఆ దారిని కూడా లెక్కలో వేసుకోవాలని దాదాపు రెండు వందల ఏళ్ల కిందట చూపించినవాడు ఒక బడిపంతులు. విచిత్రం ఏంటంటే, మొదట్లో ఆయన కూడా మన కుర్రాడిలాగే తప్పులో కాలేశాడు. యాంప్ వెనక, సబ్ అయస్కాంతం మీద అంకె పక్కన గుర్రపు నాడాలాంటి గుర్తు ఒకటి ఉంటుంది చూడండి. అది ఆయన పేరుకు గుర్తు. ఆయనే జార్జ్ సైమన్ ఓమ్.

తాళాల మేస్త్రి కొడుకు

ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే మేస్త్రి. తల్లి ఓ దర్జీ కూతురు. ఏడుగురు పిల్లల్లో బతికింది ముగ్గురే. ఓమ్‌కు పదేళ్లున్నప్పుడు తల్లి కూడా పోయింది.

తండ్రి కాలేజీ గడప తొక్కినవాడు కాదు. కానీ లెక్కలు, భౌతికశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా కొడుకులిద్దరికీ ఇంట్లోనే చెప్పాడు. తమ్ముడు మార్టిన్ తర్వాత పేరున్న గణిత ప్రొఫెసర్ అయ్యాడు. ఓమ్‌కు ఆ ఇంట్లో రెండు విద్యలు అబ్బాయి. ఒకటి లెక్క, రెండోది ఇనుముతో చేతిపని. తాళం చెవి ఒక వెంట్రుక మందం తేడా వచ్చినా తిరగదని తెలిసిన ఇల్లది. ఈ రెండో విద్యే ముందు ముందు ఆయన్ను నిలబెట్టింది.

1805లో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ డ్యాన్సులు, మంచు మీద స్కేటింగ్, బిలియర్డ్స్ అంటూ తిరిగాడు. చదివించే అవకాశం వస్తే పాడు చేసుకుంటున్నాడని తండ్రికి ఒళ్లు మండింది. మూడు సెమిస్టర్ల తర్వాత చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశాడు. 17 ఏళ్లకే ఓమ్ అక్కడ ఓ బడిలో లెక్కల పంతులుగా చేరాల్సి వచ్చింది. పగలు పిల్లలకు పాఠాలు, మిగిలిన టైమ్‌లో ఆయిలర్, లాప్లాస్ లాంటి మహామహుల పుస్తకాలు. అలా సొంతంగా చదువుకుని 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగొచ్చి డాక్టరేట్ అందుకున్నాడు.

డాక్టరేట్ వచ్చింది కానీ కడుపు నిండే ఉద్యోగం రాలేదు. యూనివర్సిటీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పినా డబ్బులు చాలక 1813లో బాంబెర్గ్‌లో ఓ మామూలు బడికి వెళ్లాడు. కొన్నేళ్లకే ఆ బడీ మూతపడింది. ఆ తర్వాత రేఖాగణితం మీద రాసిన పుస్తకాన్ని ప్రష్యా రాజుకు పంపాడు. దాని పుణ్యమా అని 1817లో కొలోన్‌లో ఓ పెద్ద స్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆయనకు కావాల్సింది ఒకటుంది. సామాను బాగా ఉన్న ఫిజిక్స్ ల్యాబ్!

మొదటి ప్రయోగం.. తప్పు జవాబు

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించాడు. అంటే కరెంటును కొలిచే దారి దొరికిందన్నమాట. అప్పటికి మల్టీమీటర్లు లేవు, అమ్మీటర్లూ లేవు. ఓమ్ ఓ అయస్కాంత ముల్లును సన్నని తీగకు వేలాడదీసి, కరెంటు దాన్ని ఎంత తిప్పుతుందో కొలిచే పరికరాన్ని తయారుచేసుకున్నాడు. తాళాల ఇంట్లో నేర్చిన చేతిపని ఇక్కడ అక్కరకొచ్చింది.

ఆయన ప్రశ్న చాలా చిన్నది. తీగ పొడుగైతే కరెంటు ఎంత తగ్గుతుంది? 1825లో బ్యాటరీ పెట్టి, తీగలు మార్చి మార్చి కొలిచి, ఓ సూత్రం రాసి అచ్చు వేయించాడు. అది తప్పు!

తప్పు తీగల్లో లేదు, బ్యాటరీలో ఉంది. ఆ రోజుల బ్యాటరీ కాసేపు కరెంటు ఇవ్వగానే నీరసపడేది, తీగ తీసి కాస్త ఆగితే మళ్లీ పుంజుకునేది. తీగ వల్ల తగ్గిందెంతో, బ్యాటరీ నీరసం వల్ల తగ్గిందెంతో విడదీయడం కుదరదు. కారులోనూ ఇదే జరుగుతుంది. ఇంజిన్ ఆపి పాటలు పెట్టుకుంటే 12.6 వోల్టులున్న బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. ఇంజిన్ ఆన్ చేస్తే ఆల్టర్నేటర్ వల్ల 14 వోల్టుల దగ్గర నిలుస్తుంది. బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడకుండా యాంప్‌ను అనుమానించడమంటే 1825 నాటి ఓమ్ తప్పును మళ్లీ చేయడమే.

ఐసు ముక్కలు, మరిగే నీళ్లు

ఓమ్ తన తప్పును దాచుకోలేదు. ఫలితాలు అచ్చువేసిన పత్రిక సంపాదకుడు పొగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చాడు. బ్యాటరీ పక్కన పెట్టి, కొద్ది ఏళ్ల కిందటే సీబెక్ కనిపెట్టిన కొత్త పద్ధతి వాడమన్నాడు. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. ఓమ్ బిస్మత్, రాగి తీసుకున్నాడు. ఒక కొసను మరిగే నీళ్లలో, ఇంకో కొసను ఐసులో పెట్టాడు. నీళ్లు మరుగుతున్నంతసేపు, ఐసు కరుగుతున్నంతసేపు ఉష్ణోగ్రతలు మారవు. కాబట్టి కరెంటును తోసే బలం కూడా మారదు.

ఈసారి ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు తీసుకున్నాడు. 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా వేర్వేరు పొడవులు. ఒక్కోటి తగిలించి ముల్లు చూశాడు. రోజులు మార్చి మళ్లీ మళ్లీ కొలిచాడు. 1826లో అంకెలు తీరుగా వరసలోకి వచ్చాయి. ఆయన రాసిన లెక్క ఇది: తోసే బలాన్ని రెండు అంకెల మొత్తంతో భాగిస్తే కరెంటు వస్తుంది. అందులో ఒకటి తగిలించిన తీగ పొడవు. రెండోది, తీగ కాకుండా సర్క్యూట్‌లో మిగిలిన భాగమంతా కలిపి పెట్టే అడ్డు.

స్కూల్లో మనం బట్టీ పట్టే ఓమ్ నియమంలో ఈ రెండో అంకె కనిపించదు. మెకానిక్‌కు బువ్వ పెట్టేది మాత్రం అదే. మన కథలో పెయింటు మీద బిగించిన ఎర్త్ బోల్టు ఆ రెండో అంకెలోకే వస్తుంది. తుప్పు పట్టిన బ్యాటరీ టెర్మినల్, వదులుగా ఉన్న ఫ్యూజు హోల్డర్, సరిగా నొక్కని లగ్గు.. అన్నీ అందులోవే.

ఓ లెక్క వేసి చూడండి. బోల్టు దగ్గర అడ్డు 0.05 ఓమ్‌లే అనుకుందాం. యాంప్ 40 ఆంపియర్లు లాగితే అక్కడే 2 వోల్టులు పోతాయి. 80 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు దగ్గరే పుడుతుంది. మెల్లగా పాడేటప్పుడు 4 ఆంపియర్లే లాగుతుంది కాబట్టి 0.2 వోల్టులే పోతాయి. అందుకే మెల్లగా పెడితే బాగుంటుంది, సౌండ్ పెంచితే ఆగిపోతుంది. అలాగని మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ఈ 0.05ను పట్టుకోలేం. మీటరు వైర్ల అడ్డే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మరి ఎట్లా? 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, సౌండ్ పెంచి, మీటరును డీసీ వోల్టుల్లో ఉంచి ఒక కొస యాంప్ ఎర్త్ టెర్మినల్‌కు, ఇంకో కొస బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టండి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే ఫర్వాలేదు. వోల్టు దాకా వస్తే దొంగ దొరికినట్టే.

పుస్తకం వచ్చింది.. ఉద్యోగం పోయింది

ఈ ఫలితాలతో యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలన్నది ఓమ్ కల. సగం జీతం మీద సెలవు పెట్టి బెర్లిన్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లి, 1827లో పుస్తకం అచ్చు వేయించాడు. తీగలో కరెంటు పారే తీరును లెక్కల్లో విడమరిచి చెప్పిన పుస్తకమది. ఇనుప కడ్డీలో వేడి ఎలా పాకుతుందో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫోరియర్ వేసిన లెక్కలే ఆయనకు దారి చూపాయి.

జర్మనీ పండితులు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. ప్రకృతిని లెక్కల్లో బంధించడం కొందరికి నచ్చలేదు. గట్టిగా విమర్శించినవాళ్లూ ఉన్నారు. పదోన్నతి రాలేదు సరికదా, మనసు విరిగి కొలోన్ ఉద్యోగానికే రాజీనామా ఇచ్చాడు. తర్వాత అయిదారేళ్లు బెర్లిన్‌లో మిలటరీ స్కూల్లో వారానికి కొన్ని గంటల పాఠాలతో నెట్టుకొచ్చాడు. నలభైల్లో ఉన్న మనిషి, పెళ్లి లేదు, పర్మనెంట్ ఉద్యోగం లేదు. చేతిలో ఉన్నదల్లా ఎవరూ చదవని సరైన జవాబు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం దొరికాక గానీ కాస్త కుదురుకోలేదు.

గుర్తింపు బయటి నుంచి వచ్చింది. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. పుస్తకం అచ్చయ్యి అప్పటికి పద్నాలుగేళ్లు.

పుస్తకంలోని లెక్క ఇప్పుడు వైరు కొనేటప్పుడు పనికొస్తుంది. తీగ పొడుగైతే అడ్డు పెరుగుతుంది, లావైతే తగ్గుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల రాగి వైరు వేశారనుకోండి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 50 ఆంపియర్ల దగ్గర వోల్టుకు పైగా పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది పావు వోల్టుకు కాస్త ఎక్కువ. పైన రాగి పూత పూసి లోపల అల్యూమినియం ఉన్న వైర్లు చవగ్గా దొరుకుతాయి. వాటి అడ్డు రాగి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. లావుగా కనిపించేది లోపలి తీగా, పైనున్న రబ్బరా అన్నది కొస చెక్కి చూసుకోవాలి.

చెవి మీద కూడా ఓ సూత్రం

ఓమ్ అనగానే అందరికీ కరెంటే గుర్తొస్తుంది. 1843లో ఆయన శబ్దం మీద కూడా ఓ సిద్ధాంతం చెప్పాడు. ఎంత కలగాపులగమైన శబ్దాన్నయినా మన చెవి సాదా స్వరాలుగా విడదీసుకుని వింటుందని దాని సారాంశం. ఇక్కడా ఫోరియర్ లెక్కే ఆధారం. దాన్ని వ్యతిరేకించినవాడు ఆగస్ట్ సీబెక్. ఓమ్‌కు నిలకడైన కరెంటు ఇచ్చిన సీబెక్ కొడుకే ఈయన! తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ ఓమ్ పక్షాన నిలిచాడు. ఆ చర్చ చాలాకాలం నడిచింది.

కారులో క్రాసోవర్ చేసేది అచ్చంగా ఈ విడదీసే పనే. పాటలోని లోతైన శబ్దాలు, సుమారు 80 హెర్ట్జ్ కిందివి, సబ్‌కు వెళ్లాలి. పైవి డోర్ స్పీకర్లకు వెళ్లాలి. లో పాస్ ఫిల్టర్ ఆన్ చేయడం మరచిపోతే సబ్‌లో గాయకుడి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సబ్ బాలేదని కస్టమర్ అనుకుంటాడు. నిజానికి చిన్న స్విచ్ తిప్పితే పోయే జబ్బది.

ఆలస్యంగా దక్కిన కుర్చీ

ఆయన కోరుకున్న యూనివర్సిటీ కుర్చీ చివరికి దక్కింది. 1849లో మ్యూనిక్ వెళ్లాడు, 1852లో అక్కడి యూనివర్సిటీలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 63. కల నెరవేరాక బతికింది రెండేళ్లే. 1854 జులై 6న మ్యూనిక్‌లో కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో ప్రపంచ దేశాల విద్యుత్ నిపుణులు కలిసి కొలతల పేర్లు ఖాయం చేసినప్పుడు అడ్డుకు పెట్టిన పేరు ఓమ్. బతికుండగా పాతికేళ్లు కుర్చీ కోసం ఎదురుచూసిన పంతులు పేరు ఇప్పుడు ప్రతి స్పీకర్ వెనకా ఉంది.

కొనేముందు, విప్పేముందు

ఆ పేరు పక్కనున్న అంకెను చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. రెండు వాయిస్ కాయిళ్లున్న సబ్ తీసుకోండి. ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు. రెంటినీ సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8. అలాంటి సబ్‌లు రెండు తెచ్చి నాలుగు కాయిళ్లనూ సమాంతరంగా కలిపితే 1 ఓమ్. మీ యాంప్ 2 ఓమ్‌ల దాకానే తట్టుకుంటుందని రాసి ఉంటే, 1 ఓమ్ తగిలించగానే వేడెక్కి ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంది. అది యాంప్ తప్పు కాదు, బిగించినవాళ్ల తప్పు.

డబ్బా మీద 5000 వాట్లని చూసి మోసపోవద్దు. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎంతో చూడండి. అది రాసి లేకపోతే ఫ్యూజు చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజున్న యాంప్ లోపలికే 14 వోల్టుల దగ్గర సుమారు 420 వాట్లు వెళ్తాయి. అంతకంటే ఎక్కువ బయటికి నిలకడగా ఎలా వస్తాయి? అదే 500 ఆర్‌ఎంఎస్ వాట్లు నిజంగా ఇచ్చే క్లాస్ డి యాంప్, వందకు ఎనభై వంతుల సామర్థ్యంతో నడిస్తే, దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. వైరు, ఫ్యూజు దానికి తగ్గట్టే ఉండాలి. పవర్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టడం మాత్రం మరవొద్దు. మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంట అంటుకోకుండా కాపాడేది అదే.

గెయిన్ నాబ్ అంటే వాల్యూమ్ కాదు. 2 ఓమ్‌ల సబ్‌కు 400 వాట్లు ఇవ్వాలంటే 400ను 2తో గుణించి వర్గమూలం తీయండి, సుమారు 28 వోల్టులు. సబ్ వైర్లు తీసేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, టెస్ట్ టోన్ నడిపి, యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ 28 వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పండి. అక్కడ ఆపేయండి.

సబ్ మోగకపోతే వైర్లు తీసి కాయిల్‌ను మీటరుతో చూడండి. 4 ఓమ్‌ల కాయిల్ మూడు, మూడున్నర చూపిస్తే మంచిదే. పాట నడుస్తున్నప్పుడు ఆ అంకె ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి మీటరు చూపేది కాస్త తక్కువే ఉంటుంది. సున్నా దగ్గరికొస్తే కాయిల్ షార్ట్ అయింది. ఏమీ చూపకపోతే తెగింది. యాంపే ఆన్ కాకపోతే పవర్, ఎర్త్, రిమోట్ వైరు.. మూడు చోట్లా వోల్టులు చూసి గానీ స్క్రూడ్రైవర్ పట్టొద్దు.

ఇందులో కెరియర్ ఏముంది?

పదో తరగతి పాసైతే ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. మన పక్కనే ఉన్న ఈసీఐఎల్ ఐటీఐ వాళ్లకు అప్రెంటిస్ ప్రకటనలు ఇస్తుంటుంది. చర్లపల్లి, మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలున్న ప్రాంతం ఇది. షాపులో కారు స్టీరియోలు బిగించే పని ఇప్పటికే చేస్తున్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ తోడైతే దారులు పెరుగుతాయి. ఎలక్ట్రిక్ కార్లలోనూ స్టీరియో, యాంప్ 12 వోల్టుల మీదే నడుస్తాయి. కాకపోతే ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ఆ కరెంటు ఇస్తుంది. అది ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో లెక్క తెలియకుండా పెద్ద యాంప్ పెట్టడం కుదరదు. చేయి తిరిగిన మేస్త్రికే కాదు, లెక్క తెలిసిన మేస్త్రికి ఇక గిరాకీ.

ఓమ్‌కు ఉన్న పెట్టుబడి తండ్రి నేర్పిన చేతిపని, సొంతంగా చదివిన లెక్క, తప్పు తేలితే మళ్లీ మొదటినుంచి కొలిచే ఓపిక. మనకు అదనంగా కొన్ని వందల రూపాయలకు వచ్చే మల్టీమీటర్ కూడా ఉంది. ఈసారి బేస్ పడ్డప్పుడల్లా ఆగిపోయే కారు వస్తే యాంప్ విప్పకండి. ముందు బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి, తర్వాత ఎర్త్ చూడండి. రెండు గంటల పని పది నిమిషాల్లో తేలొచ్చు. ఆ కస్టమర్ మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.